డ్రిల్లు అయ్యవారి మూడో ఆట

మా డ్రిల్లు అయ్యవారు పోయారన్న కబురు పోయిన నెలలో ఒక పొద్దున ప్రొద్దుటూరులో నా బట్టల అంగడికి వచ్చింది. ఎదురుగా పెండ్లి చీరల బేరం నడుస్తోంది. "ఈ పొద్దు అమ్మను, పోండమ్మా" అని తలుపులు వేసేశాను. తిట్టుకున్నారేమో, తిట్టుకోనీ. ఏడుద్దామని కూర్చుంటే నాకు నవ్వొచ్చింది. అదీ ఆయన చలవే.

ఆయన జంధ్యానికి బీగంచెవి పక్కనే ఒక ఈల వేలాడుతుండేది. సంధ్యావందనం చేసినా, సంతకు పోయినా ఒంటి మీద అది ఉండాల్సిందే. బళ్ళో మమ్మల్ని పరుగెత్తించింది చాలక, మేం పెరిగి పెద్దయి మీసాలు వచ్చాక కూడా వదల్లేదు. సాయంత్రం ఈల వినబడితే అంగడి వదిలి ఫుట్‌బాల్ ఆడను మైదానానికి పోవాల్సిందే. నేను గోలీని, అంటే గోలు కాసేవాణ్ణి.

ఒకసారి మద్రాసు నుంచి ఎవరి సామానుకో చుట్టి వచ్చిన ఇంగ్లీషు పేపరును ఆయన చేత్తో సాపు చేసి చదివారు. ఐరోపాలో దేశదేశాల క్లబ్బులు ఒకే కప్పు కోసం ఏడాది పొడుగునా ఫుట్‌బాల్ ఆడుతున్నాయట. ఎదుటి జట్టుతో రెండు ఆటలు: ఒకటి మన ఊళ్ళో, ఒకటి వాళ్ళ ఊళ్ళో. గోల్స్ రెండింటివీ కలిపి చూస్తారు. "వాళ్ళకు దేశాలుంటే మనకు ఊర్లు లేవా?" అంటూ ఆ ఏడే ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు, పులివెందులకు కలిపి కప్పు పెట్టేశారు. కప్పంటే వాళ్ళింటి ఇత్తడి చెంబే. మొదలైన నాడు మా రాజధాని కర్నూలు, ఫైనలు నాటికి హైదరాబాదు. అంత తీరిగ్గా నడిచింది ఆ కప్పు.

జమ్మలమడుగు వాళ్ళు తమ ఊళ్ళో మమ్మల్ని ఒక్క గోలుతో ఓడించి, ఇంక అయిపోయిందని చెంబుకు దండ వేశారు. అయ్యవారు పోయి నచ్చజెప్పారు. "పెండ్లి ఆడపిల్లోళ్ళింట్లో అయినంత మాత్రాన అయిపోయినట్లా? మగపిల్లోళ్ళింట్లో విందు తినొద్దా? రాండప్పా మా ఊరికి." వచ్చారు, మూడు గోల్స్ తిని పోయారు.

ఫైనలు పులివెందులతో. మొదటి ఆట వాళ్ళ ఊళ్ళో. ఆటకు ముందు సంగటి, నాటుకోడి పులుసు పెట్టారు. అందులో కుట్రేమీ లేదు, వట్టి మర్యాదే. అయ్యవారు ఒక పక్కన బొరుగులు నములుతూ "తినొద్దండ్రా, ఆట ఉండాది" అని మొత్తుకుంటూనే ఉన్నారు. పెట్టిన ముద్ద వద్దంటే వాళ్ళు నొచ్చుకోరా? నాలుగు గోల్స్‌తో ఓడిపోయాం.

మా ఊళ్ళో ఆట నాడు అయ్యవారు ఖండితంగా చెప్పారు, భోజనం ఆట తర్వాతేనని. పులివెందుల కెప్టెను బంతి మీద కూర్చున్నాడు. "ఏందయ్యోరూ, మీ ఊర్లో ఇంటికొచ్చినోళ్ళకు ఇంత అన్నం పెట్టరా? పస్తు పెట్టే ఊర్లో మేం ఆడం." బస్సు పిలవమన్నాడు. అయ్యవారి మొహం చూడలేకపోయాం. అప్పుడు మైదానం పక్కనే ఉన్న ఇంట్లోంచి అమ్మగారు, అంటే అయ్యవారి భార్య, వచ్చి అంది: "రెండు జట్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టండి. అందరికీ సమానంగా వడ్డిస్తా."

ఓళిగలు, అదే బొబ్బట్లు, నెయ్యి. లెక్క సమానమేగానీ, కెప్టెను మారు అడిగాడు, వాళ్ళ గోలీ రెండు మార్లు అడిగాడు. ఆ పూట ఇరవై ఇద్దరం పరుగెత్తామని అనలేను, నడిచాం. మేం నాలుగో గోలు కొట్టినప్పుడు వాళ్ళ గోలీ బంతిని కళ్ళతో సాగనంపాడు. "వంగితే తినిందంతా బయటికొస్తాది సామీ" అన్నాడు.

నాలుగుకు నాలుగు. టాసు వేయమని అందరం అడిగాం. "టాసుకు కాళ్ళెందుకప్పా? మూడో ఆట ఆడాల" అన్నారు అయ్యవారు. ఆ మూడో ఆట పడనే లేదు. ఒక ఏడు వానలు, ఒక ఏడు కోతలు, ఒక ఏడు కెప్టెను పెండ్లి. చెంబు అయ్యవారి గూట్లోనే ఉండిపోయింది. దాంతో నీళ్ళు తాగనిచ్చేవారు కాదు. "అది నాది కాదప్పా, గెలిచినోళ్ళది" అనేవారు. పోయే ముందు వారం నన్ను పిలిచి అడిగింది కూడా అదే: "మూడో ఆట ఎప్పుడు?" "కోతలు కానీండి అయ్యోరూ" అని తప్పించుకున్నాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

పదమూడో నాటి భోజనాలకు పులివెందుల జట్టంతా బస్సు దిగింది. ఒకే పంక్తి, అవే ఓళిగలు. చేతులు కడుక్కుంటూ కెప్టెను నా పక్కకొచ్చి, "మామా, ఈ పొద్దు ఆడకుంటే ఇంకెప్పుడూ ఆడం" అన్నాడు. అందరం పంచెలు ఎగ్గట్టాం. అమ్మగారు అరుగు మీద కూర్చుని చూసింది. ఒక్కటే గోలు. బంతి నా కాళ్ళ పక్కనుంచే పోయింది. నేను వంగలేకపోయాను. వాళ్ళ గోలీ అవతలి నుంచి చేతులెత్తి దండం పెట్టాడు. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి పదమూడు దినాలైంది.

"ఒట్టి చెంబు పంపకూడదు నాయనా" అంటూ ఆమె చెంబులో నాలుగు ఓళిగలు మడిచి పెట్టి, వాటి మీద ఆయన ఈల పెట్టింది. "వచ్చే ఏడు ఎవరో ఒకరు ఊదాల గదా."

బస్టాండులో కెప్టెను చెంబును ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. మమ్మల్ని చూసి కళ్ళు తుడుచుకుని, ఈల తీసి గట్టిగా ఊదాడు. కండక్టరు ఈల అనుకుని డ్రైవరు బస్సు కదిలించేశాడు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని బస్సు వెనకాల కండక్టరు ఒకటే పరుగు.