కొండ అంచున నా బూట్లు

దేశం కొత్త, ఉద్యోగం అంతకన్నా కొత్త, తెలిసిన మొహం ఒక్కటీ కనబడని ఆ రోజుల్లో మనిషి తన మీద తానే తెగ జాలిపడతాడు. నేనైతే ఆ పనిని ఉద్యోగం కన్నా శ్రద్ధగా చేసేవాణ్ణి. ఇప్పుడు ఈ దేశానికి తూర్పు వైపున మేముంటున్న ఏజాక్స్‌లో మా అమ్మాయికి ఈ కథ చెబితే "డాడ్, సో డ్రమాటిక్" అంటుంది గానీ, అప్పట్లో పసిఫిక్ సముద్రంలోని వాంకూవర్ దీవి మీద, విక్టోరియాలో ఒక ఆంటీ గారి బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, నేను మాయమైపోతే ఈ దేశంలో ఒక్కరికైనా తెలుస్తుందా అని రోజూ అనుకునేవాణ్ణి. కాంట్రాక్టు వదిలేసి ఇండియా వెళ్లిపోతానని సోమవారం మేనేజర్‌కు చెప్పేయాలని నిశ్చయించుకున్నాను కూడా.

ఆ ముందు శనివారం ఆంటీ (గుంటూరు వైపువారు, రిటైరైన డాక్టరు, రోగమేదైనా ఆవిడ చెప్పే మందు ఒకటే, గాలి మార్పు) పెరుగన్నం బాక్సు చేతిలో పెట్టి, "ఎంతసేపని ఆ గోడలు చూస్తావయ్యా? బస్సెక్కి ఫిరంగుల పార్కుకు వెళ్లిరా" అని దాదాపు గెంటేశారు. వెళ్లాక ఒప్పుకోక తప్పలేదు. కింద నీలంగా సముద్రం, అవతల మంచు కొండలు, యుద్ధకాలంలో తీరాన్ని కాచిన ఫిరంగులు, సైనికులుండే కాంక్రీటు గదులు. కొండ అంచున రెయిలింగ్ పక్కన, తిరిగి రానివారి పేర్లు చెక్కిన రాయి. పేర్ల పక్కన వయసులు కూడా ఉన్నాయి. పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. అందరూ నాకంటే చిన్నవాళ్లే. బూట్లతో అక్కడ నిలబడటానికి మనసొప్పలేదు. విప్పి, మేజోళ్లు మడిచి లోపల పెట్టి, గుడి బయట పెట్టినట్టు రెయిలింగ్ పక్కన జతగా ఉంచాను, సముద్రం వైపు తిప్పి. (ఆ తిప్పడమే కొంప ముంచింది.) రాయి చుట్టూ మూడుసార్లు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. ఈదురుగాలికి తట్టుకోలేక, బూట్ల సంగతి తర్వాత చూద్దామని ఒక కాంక్రీటు గదిలో దూరి పెరుగన్నం తిన్నాను. తిన్నాక అక్కడే గోడకు ఆనుకుని హాయిగా నిద్రపోయాను.

లేచి బయటికొస్తే పెద్ద హడావుడి. ఎర్రకోటు వేసుకున్న ఒక ముసలాయన (పార్కు వాలంటీరు, నా మనసులో ఆయనకు మేజర్ అని పేరు పెట్టేశాను) కొండ అంచున వంగి గొంతు చించుకుని ఎవరినో పిలుస్తున్నాడు. కుక్కలతో వాకింగ్‌కు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు పొదలన్నీ గాలిస్తున్నారు. ఎవరో సముద్రంలో పడిపోయారేమో అన్నారు. మనం ఊరుకుంటామా? నేనూ దిగాను. ముళ్లు గుచ్చుకుంటున్నా పొదల్లో వెతికాను, రాళ్ల సందుల్లో తొంగిచూశాను, ఏ తల్లి కన్న బిడ్డో అని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. నా ఉత్తకాళ్ల వైపు ఎవరూ చూడలేదు. చూసుకోవలసిన నేనూ చూసుకోలేదు. చివరికి మనిషి ఎలా ఉంటాడని మేజర్‌ని అడిగాను. తాను చూడలేదని, ఇవి మాత్రమే దొరికాయని, చంకలోంచి బూట్లు తీసి చూపించాడు.

జీవితంలో నిజంగా మాయమైపోవాలనిపించింది ఆ ఒక్క క్షణమే. నా కాళ్లు చూపించాను.

తిడతాడనుకున్నాను. ఆయన గడ్డిలో కూలబడి, కాసేపు ఊపిరి తీసుకుని, ఎందుకు విప్పావని మాత్రం అడిగాడు. మా వైపు పెద్దల దగ్గర చెప్పులతో నిలబడకూడదని చెప్పాను.

"వాళ్లు నీకంటే చిన్నపిల్లలు" అన్నాడు రాయి వైపు చూస్తూ.

"అయినా పెద్దలే" అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. గంటకు పైగా వెతుకుతూనే ఉన్నాడని కుక్కలావిడల్లో ఒకావిడ చెప్పింది. నేను పోతే ఎవరికి తెలుస్తుందన్న నా ప్రశ్నకు ముగ్గురు మనుషులు, రెండు కుక్కలు కలిసి జవాబు చెప్పినట్టయింది. సోమవారం మేనేజర్ దగ్గరికి వెళ్లలేదు. ఈ దేశానికి నేను పడిన రుణంలో మొదటి వాటా ఆ ముసలాయనదే.

బస్సు దాకా వచ్చి, ఆయన నా పేరు అడిగాడు. పాపం, అప్పటిదాకా "సన్, సన్" అనే అరిచాడు. చెప్పాను. బొంగురుపోయిన గొంతుతో రెండుసార్లు పలికి చూసుకున్నాడు, రెండుసార్లూ తప్పుగానే. ఇప్పుడు ఆఫీసులో ఎవరు నా పేరు తప్పు పలికినా అక్షరం అక్షరం విడదీసి దిద్దేదాకా వదలను. ఆ రోజు మాత్రం, సరిగ్గానే పలికారండీ అన్నాను.