శారద ఇంకా రాలేదు

దెయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. మైక్రోబయాలజీ చదివాను. పాపకి ఒళ్లు వెచ్చబడితే దిష్టి తీయమని అత్తయ్య ఫోన్‌లో చెబుతారు, నేను థర్మామీటర్ వెతుక్కుంటాను. పాప నిద్రలో దగ్గితే లేచి కూర్చుంటాను. నా భయాలన్నీ అలాంటివే.

మేం విదేశంలో, క్లైడ్ నార్త్ అనే శివారులో ఉంటాం. పాపని చైల్డ్‌కేర్‌లో వేశాక, హాస్పిటళ్లలో రోగులకి సాయంగా ఉండే పని నేర్పే కోర్సులో చేరాను. ఒకరోజు డెలీరియం గురించి క్లాసు. ఆపరేషన్ తర్వాతో, ఇన్‌ఫెక్షన్ వల్లో పెద్దవాళ్లు ఉన్నట్టుండి అయోమయంలో పడతారు. ఎక్కడున్నారో తెలియదు. వాళ్లతో వాదించొద్దు, అబద్ధమూ చెప్పొద్దు, భయం మాత్రం తగ్గించండి అన్నారు ట్రైనర్.

ఆ అవస్థ ఎలా ఉంటుందో తెలియడానికి నన్ను పేషెంటుగా పడుకోమన్నారు. చెవుల్లో దూది, కళ్లకి మసక అద్దాలు. ఇక్కడెవరికీ అర్థం కాని మీ భాషలో ఏదైనా అడగండి అన్నారు. నోటికొచ్చింది అడిగాను.

"గడియ పెట్టకండి. శారద ఇంకా రాలేదు."

శారద అనే మనిషి నాకెవరూ తెలియదు. క్లాసులో నాకు జోడీగా ఉన్న సిమ్రన్ ఏం చెయ్యాలో తోచక నా చెయ్యి పట్టుకుంది. "నిజంగానే భయపెట్టావ్ మేట్," అంది తర్వాత.

వారం తర్వాత హాస్పిటల్‌లో ప్రాక్టికల్స్. మధ్యాహ్నం మూడింటికి, తుంటి ఆపరేషన్ అయిన ఒక తెలుగు ఆంటీ దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఆవిడ ముందురోజే చేరారు. చార్టులో తేదీ నేనే చూశాను.

కాసేపటికి ఆవిడ మంచం దిగబోయారు. కాలు కింద పెడితే పడిపోవడం ఖాయం.

"ఎక్కడికి ఆంటీ?"

"గడియ పెట్టకండే. శారద ఇంకా రాలేదు."

ఆవిడ భుజం పట్టుకుని తలుపు వైపు చూశాను. బార్లా తీసి ఉంది. అబద్ధం చెప్పే పని లేకపోయింది. పక్కనున్న కళ్లజోడు తీసి ఆవిడకి పెట్టాను.

"ఎవరూ గడియ పెట్టలేదాంటీ. చూడండి, తలుపు తీసే ఉంది."

చాలాసేపు చూశారు. మెల్లగా వెనక్కి వాలి నా చెయ్యి నిమిరారు.

"మొన్న నువ్వూ ఇట్టాగే పడుకుని అడిగావు గదమ్మా. పాపం, తలుపు తీసే ఉందని నీకెవరూ చెప్పలేదు."

సాయంత్రం వాళ్లబ్బాయిని అడిగాను. శారద ఎవరో ఆయనకీ తెలియదు. మూడో రోజుకి ఆంటీ తేరుకున్నారు. నన్ను గుర్తుపట్టలేదు.

ఆ మాట నా నోటికెలా వచ్చిందో, ఆవిడకెలా తెలిసిందో ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు. పాప నిద్రపోయింది. దాని గది తలుపు ఈ రాత్రి కూడా తీసే ఉంచాను.