ఉర్వర అనే పేరుకు రుజువు అడిగిన ఆఫీసు

2024 జూన్ 10: గద్వాలలోని ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాం. రసీదు ఇవ్వలేదు.
జూలై 8: అర్జీ కనబడటం లేదన్నారు. మళ్లీ రాసిచ్చాం.
ఆగస్టు 5: అలాంటి పేరు లేదన్నారు. రుజువు తెమ్మన్నారు.
ఆగస్టు 12: రుజువు ఇచ్చాను. చూస్తామన్నారు.
సెప్టెంబరు 23: ఇంకా చూస్తూనే ఉన్నారు.

నేను పాన్‌గల్ హైస్కూలులో తెలుగు పండితురాలిగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉండేది వనపర్తిలో. పుట్టిన పిల్లలకు పేరు చెప్పమని పాత విద్యార్థులు ఇప్పటికీ వస్తారు. చెప్పిన ప్రతి పేరునూ అర్థంతో, తేదీతో నోటుబుక్కులో రాసుకుంటాను.

బాలస్వామి నా విద్యార్థి. పూనాలో బిల్డింగుల పనికి పోతాడు. ఆ ఏప్రిల్‌లో అతనికి గద్వాల దవాఖానలో కూతురు పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసేదాకా బిడ్డ పేరు పైకి చెప్పడం వాళ్లింట్లో లేదు. అందువల్ల జనన రిజిస్టర్‌లో పేరు గడి ఖాళీగా మిగిలింది.

"మాకు తాతల కాలం సంది చేను లేదు టీచర్. బిడ్డ పేరులనన్న ఉండాలె" అన్నాడు.

ఉర్వర అని చెప్పాను. సంస్కృత పదం. అన్ని పంటలూ పండే నేల అని పాత నిఘంటువులు చెప్పే అర్థం. కావ్యాల్లో ఏకంగా భూమికే పేరైంది. నా హాజరు పట్టీల్లో ఆ పేరుగల పిల్ల ఒక్కతీ లేదు. బాలస్వామి తల్లి నవ్వి, తానైతే చేనమ్మా అనే పిలుస్తానంది.

ఖాళీ గడిలో తరువాత పేరు ఎక్కించడాన్ని చైల్డ్ నేమ్ ఇన్‌క్లూజన్ అంటారు. తల్లిదండ్రుల అర్జీ ఉండాలి. పేరుకు పుట్టుపూర్వోత్తరాలు చూపించాలనే నిబంధన నేనెక్కడా చదవలేదు. గుమాస్తా మాత్రం వినలేదు.

"గసుంటి పేరు ఈడ ఎవ్వరికి లేదమ్మా. రేపు మమ్మల్నే అడుగుతరు. లక్ష్మి అనో అనిత అనో పెట్టుకోన్రి, ఇప్పుడే ఎక్కిస్త."

ఇంతకుముందు ఎవరికీ లేకపోవడమే నేరమైతే, మొట్టమొదటి లక్ష్మికి ఎవరు రుజువు చూపించారో నాకు తెలియదు.

పేరున్న సర్టిఫికెట్ లేనిదే ఆధార్ ఇవ్వరు. ఆధార్ లేనిదే రేషన్ కార్డులో బిడ్డ ఎక్కదు. బాలస్వామి ప్రతిసారీ పని వదిలి పూనా నుంచి వచ్చాడు. ఆగస్టులో తిరిగి వెళ్లేసరికి మేస్త్రీ వేరే మనిషిని పెట్టుకున్నాడు. లక్ష్మి అనే పెడదామని, ఇక తనతో కాదని ఫోన్‌లో అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ మొండితనం నాదే.

ఆగస్టు 12న నేనిచ్చిన రుజువు ఒక పూర్తి పేజీ. పదం ఎక్కడిది, అర్థమేమిటి, ఆడపిల్లకు ఎందుకు తగును అని వివరంగా రాసి సంతకం చేశాను.

అక్టోబరులో తిమ్మాజిపేట నుంచి తొట్టెల వేడుకకు పిలుపు వచ్చింది. పిలిచింది ఆ గుమాస్తాగారే. వెళ్లి చూస్తే, గుమ్మం పక్కన ఫ్లెక్సీ మీద ఆయన మనవరాలి పేరు: ఉర్వర.

"మీ కాగితం సదివి మా కోడలు మనసు పడ్డది టీచర్. వనపర్తోళ్లు ఇద్దరు గూడ జిరాక్స్ పట్టుకపోయిన్రు" అన్నాడు సంబరంగా. సెల్లులో తమ ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్ చూపించాడు. పేరు గడి నిండి ఉంది.

మా అర్జీ సంగతి అడిగాను.

"అది వెరిఫికేషన్ల ఉన్నది. శుభకార్యం పూట గా ముచ్చట ఎందుకమ్మా, బువ్వ తినుండ్రి."

పసిబిడ్డ మీద నాకు కోపం లేదు. అక్షింతలు వేసి, అన్నం తినకుండా వచ్చాను.

ఇన్నేళ్లూ పదాల అర్థాలు చెప్పి బతికాను. ఒక పదం లోకంలో ఉందో లేదో గడి నింపే చేతిని బట్టి ఉంటుందని ఈ కేసు నేర్పింది. రసీదు లేకుండా ఏ కాగితమూ ఇవ్వకూడదనీ నేర్పింది.

కాబట్టి ఆ ఆఫీసువారిని ఇందుమూలంగా అడుగుతున్నాను. బాలస్వామి కూతురి పేరుకు ఏ నిబంధన కింద రుజువు కోరారు? అదే పేరును మీ ఇంటి బిడ్డకు ఏ రుజువుతో ఎక్కించారు? పదిహేను రోజుల్లోగా సంతకంతో, తేదీతో, లిఖితపూర్వకంగా జవాబివ్వండి. బాలస్వామి కూతురి సర్టిఫికెట్ జతచేసే పక్షంలో జవాబు పొడుగ్గా ఉండనక్కర్లేదు.