పక్కింటి సందు దాకా పేవర్ టైల్స్

పక్కింటి మీద కక్షతో నేను వాకిలి మెరక చేయించి, వాననీళ్లు వాళ్ల పెరట్లోకి తోలానని మా వీధిలో చెప్పుకుంటారు. నీళ్లు పోయిన మాట నిజం. కక్ష అన్నది శుద్ధ అబద్ధం. కక్ష ఉన్నవాళ్లు పక్కింటి దాకా దారి వేయిస్తారా?

మా ఆయన పోయాక నాతో రోజూ మాట్లాడిన మనిషి పక్కింటావిడ ఒక్కతే. రెండిళ్ల మధ్య ప్రహరీలో చిన్న సందు ఉంది. పొద్దున్నే అందులోంచి వచ్చి, నా కాఫీకి వంకలు పెట్టి, గ్లాసు ఖాళీ చేసి వెళ్లేది. మా వాకిట్లో ఎప్పుడో వేయించిన పేవర్ టైల్స్ మెట్ల దగ్గరే ఆగిపోయాయి. అక్కణ్ణించి సందు దాకా బంకమట్టి. ఆషాఢంలో ఆవిడ అక్కడే జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా రాలేదు.

అందుకే మేస్త్రిని పిలిచి, పాత టైల్స్ నుంచి సందు దాకా కొత్తవి పరచమన్నాను.

"పాతవాటి మట్టానికి కలపాలంటే జానెడు మెరక చెయ్యాలండి. నీళ్ల వాటం అటేపు పోద్ది. పక్కింటివారికి ఓ మాట చెప్పండి," అన్నాడు.

"నా వాకిలికి వాళ్ల పర్మిషనేంటయ్యా?"

ఈ డెల్టాలో ఏమైనా మన్నిస్తారు గాని, పక్కవాళ్లు మెరక చేస్తే మన్నించరు. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియదా? కాని చెప్పడమంటూ మొదలుపెడితే, నీకోసమే వేయిస్తున్నాను, మళ్లీ రమ్మని కూడా చెప్పాల్సి వచ్చేది. ఆ మాట నా నోటికి రాలేదు.

మొదటి పెద్ద వానకే నీళ్లు వాళ్ల వంటింటి గుమ్మం దాకా వెళ్లాయి.

"ఏంటండీ, మమ్మల్ని ముంచడానికా ఇన్ని రాళ్లు?" అంది ఆవిడ గోడ మీంచి. ఇన్నేళ్లూ 'వదినా' అని పిలిచిన మనిషి.

నేను ఊరుకున్నానా? "చూసి నడిచేవాళ్లయితే ఇన్ని రాళ్లు అక్కర్లేకపోను," అన్నాను.

మర్నాడు సందులో ఇసుక బస్తాలు పడ్డాయి.

వారం తిరక్కుండా మేస్త్రిని మళ్లీ పిలిపించి, చివరి వరుసలు లేపించి, వాటం నా అరటిచెట్ల వైపు తిప్పించాను. ఆ తర్వాత ఎన్ని వానలు కురిసినా అటు చుక్క పోలేదు. బస్తాలు మాత్రం కదల్లేదు. వాటి మీద గడ్డి కూడా మొలిచింది. పొద్దున్నే టైల్స్ చివరిదాకా నడిచి నిలబడితే, అవతల ఆవిడ గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తుంది. ఒక్కటే అడగాలని ఉంటుంది. ఇంతకీ ఆ బస్తాలు నీళ్లకి అడ్డం పెట్టావా, నాకా?