వీపు మీది పాపిట

మా పిచ్చిక కుర్చీలో వెనక్కి ఆనుకోవడం నేను చాలా ఏళ్ళు చూడలేదు. బస్సులో చోటు దొరికినా ముందుకు వంగి కూర్చునేది. పడుకుంటే పక్కకే. పనిచేసే ఫొటో స్టూడియోలో అందరికీ మంచి కుర్చీలుంటే, తను మాత్రం స్టూలు అడిగి తెచ్చుకుంది. పాత ఫొటోల్లో చిరిగిన చెవులు, పురుగు తిన్న బుగ్గలు కంప్యూటర్లో అతికించడం ఆమె పని. పోయినవాళ్ళ ముఖాలు కడిగి తుడిచి ఇంటికి పంపిస్తుందని యజమాని వేళాకోళమాడేవాడు.

పిచ్చిక నా తమ్ముడి కూతురు. తల్లి, అంటే నా మరదలు, ఈ పిల్లను కంటూ గుర్రపువాతం వచ్చి పోయింది. నొప్పుల్లో బీపీ పెరిగి, ఒళ్ళు కొయ్యబారి, వేళ్ళు కొంకర్లు పోయి, ఇక కళ్ళు తెరవలేదు. తమ్ముడు ఏడాది తిరక్కుండా వేరే సంసారం చూసుకున్నాడు. పిల్లను నేను పెంచాను.

నేను చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి. ఆ చదువుతోనే కుట్టుమిషను కొన్నాను. నా పేరుతో బోర్డు కట్టి కొట్టు పెట్టాను. బడి మొత్తానికి యూనిఫారాలు కుట్టాను. టేపు పెట్టకుండా వీపు చూసి కొలత చెప్పేస్తుందని పేరు తెచ్చుకున్నాను. నా దగ్గర పని నేర్చుకున్న ఆడపిల్లల కొట్లు ఈరోజు ఏ వీధికెళ్ళినా కనిపిస్తాయి. అలాంటి నాకు, నేను పెంచిన పిల్ల వీపు మీద ఏముందో పెళ్ళిబట్టలకు కొలతలు తీసే రోజు దాకా తెలియలేదు.

చొక్కా పైకెత్తమన్నాను. నడుము మీద నా మరదలు ఉంది.

టేపు చేతిలోంచి జారిపోయింది. పచ్చబొట్టు. ముఖమంతా దిగింది. కింద తుంటి దగ్గర గడ్డం, వెన్నుకు అటూ ఇటూ బుగ్గలు, పైన రెండు పాయలుగా నల్లటి జుట్టు. ఆ జుట్టు మధ్య సన్నటి పాపిట, వెన్నెముక వెంబడి నిలువుగా. అక్కడ మాత్రం సిరా లేదు, ఒట్టి చర్మం.

"ఇదేంటే?"

"అమ్మ. ఉన్నది ఒక్క ఫొటో అత్తా, అదీ వెలిసిపోతోంది. అందరి ముఖాలూ బాగుచేస్తాను, ఆ ముఖం మాత్రం చేతికి రాదు."

"అయితే మాత్రం నడుం మీదా? మనింట్లో గోడలు కూలిపోయాయా?"

"గోడ మీదుంటే నన్ను చూస్తుంది. నేను చూడలేను అత్తా. నన్ను కంటూనేగా పోయింది."

"అందుకేనా వెనక్కి ఆనుకోవు?"

"అమ్మకి ఊపిరాడదు."

నవ్వి కొట్టిపారేయాల్సిన మాట. నాకు నవ్వు రాలేదు. ఆనాటి నుంచి వీధిలో ఆమెను నా ముందు నడవనివ్వలేదు. చొక్కా వెనక నుంచి నన్నెవరో చూస్తున్నట్టే ఉండేది.

పెళ్ళయ్యాక, పిచ్చికకు పురిటినొప్పులు మొదలైన రోజు ఆస్పత్రిలో తోడుండడానికి నన్నే లోపలికి పంపారు. పొద్దుటి నుంచీ బీపీ పెరుగుతూనే ఉంది. తల్లికి వచ్చిందే కూతురికీ వస్తోందనుకున్నాను. మత్తు డాక్టరమ్మ వచ్చి చెప్పింది.

"వెన్నులోకి మందిస్తాం. ఎపిడ్యూరల్ అంటారు. నొప్పి తగ్గితే బీపీ కూడా కాస్త అదుపులోకొస్తుంది. ఈ పచ్చబొట్టు ఎప్పటిదమ్మా?"

"పెళ్ళికి ముందుది. ఎప్పుడో మానిపోయింది," అన్నాను.

"అయితే పర్లేదు. సిరా లేని చోటు దొరికితే అక్కడే గుచ్చుతా."

పిచ్చిక మంచం అంచు పట్టుకుంది. "వద్దు. మా అమ్మ ముఖంలో సూది గుచ్చొద్దు. నొప్పి పడతాను. చచ్చినా వద్దు."

"ఆ మాట అనకే!" అని అరిచాను. అరిచాక చూశాను, ఆమె వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆ వేళ్ళు నేను ఇంతకుముందు చూశాను.

డాక్టరమ్మ ఎముకలు తడుముతూ వచ్చి ఒకచోట వేలు ఆపింది. నేను నడుము కొలత టేపు పట్టే చోటది. వేలు పాపిట మీద ఉంది.

"ఒసేయ్, విను. మీ అమ్మకి జడ ఎవరు వేసేవాళ్ళనుకున్నావ్? నేనే. దువ్వెన కొసతో పాపిట తీసేదాన్ని. నాది మోటు చెయ్యి. గీరుకున్నప్పుడల్లా 'వదినా, పొలం దున్నుతున్నావా' అని నవ్వేది. సూది దిగేది ముఖంలో కాదు, ఆ పాపిటలో. దానికది అలవాటే."

"నిజంగా పాపిటేనా?"

"వీపు విషయంలో నేనెప్పుడైనా తప్పానా?"

"దగ్గరుండి చూస్తావా?"

"చూస్తాను."

పిచ్చికను కూర్చోబెట్టి ముందుకు వంచారు. ఆమె తల నా భుజం మీద పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. నా కళ్ళ కింద ఆమె వీపు, వీపు మీద తలకిందులుగా మరదలి ముఖం. వంగేసరికి చర్మం సాగింది. బుగ్గలు వెడల్పయ్యాయి. మూసి ఉన్న పెదవులు విడివడ్డాయి. చర్మం సాగితే అంతేనని కుట్టుపని చేసేదాన్ని, నాకు తెలుసు. అయినా తల తిప్పుకుందామనుకున్నాను, చూస్తానని మాటిచ్చాను కదా.

సూది పాపిటలో దిగింది.

"అత్తా, అమ్మ ఏమంటోంది?"

"పొలం దున్నుతున్నారా అంటోంది."

పిచ్చిక ఏడుపులోనే నవ్వబోయింది. "కదలకమ్మా, నవ్వులు తర్వాత," అని డాక్టరమ్మ కసిరింది.

కాసేపటికి కాళ్ళు మొద్దుబారాయి. తలగడలు ఎత్తుపెట్టి ఆనించి పడుకోబెట్టారు. ఇన్నేళ్ళలో ఆమె వీపు పరుపుకు ఆనడం అదే మొదలు.

"అత్తా, అమ్మ నా కింద పడిపోయింది. ఊపిరుందా?"

వీపుకు అంటించిన సన్నటి మందు గొట్టానికి తగలకుండా అరచెయ్యి కిందికి పోనిచ్చాను. చర్మం వెచ్చగా ఉంది. అరచేతి కింద ఏదో పైకి లేచి, కిందికి దిగుతోంది. పిచ్చిక ఊపిరే అయ్యుండాలి.

"ఉంది," అన్నాను.

పిచ్చిక కళ్ళు మూసుకుంది. బీపీ మెల్లగా దిగింది. ఆడపిల్ల పుట్టి కేరుమనేదాకా నేను చెయ్యి తియ్యలేదు.

ఇప్పుడు పిచ్చిక పాలిచ్చేటప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకుంటుంది. ఆనుకునే ముందు మాత్రం కాస్త ముందుకు జరిగి ఆగుతుంది, వెనక ఎవరో సర్దుకుని కూర్చునేదాకా. ఎదురుగా మిషను మీదున్న నేను కూడా అంతసేపూ తొక్కడం ఆపుతాను.