పొత్రం పక్కన పడుకున్న రోజులు

నా నిద్ర సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. తూర్పుకు తల పెట్టి పడుకుంటే పడమరకు తలతో లేచేదాన్ని. చిన్నప్పుడు అరుగు మీద పడుకోబెడితే తెల్లారి ఎద్దుల గాడి పక్కన దొరికానట. "మా పోరి పండుకోదు, చేను దున్నుతది" అని మా నాయిన వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. నా నిద్రకు సుఖం సంగతేమో గానీ హద్దు మాత్రం తెలియదు.

పెళ్లయి వనపర్తి దిక్కు అత్తగారింటికి పోయిన కొత్తలో ఆడవాళ్లమంతా ఒకే గదిలో చాపలు పరుచుకుని పడుకునేవాళ్లం. రెండో రోజు పొద్దున మా అత్త నడుము పట్టుకుని లేచింది. ఆమె మాటల మనిషి కాదు. నా దిక్కు ఒక్క చూపు చూసి, ఆ సాయంత్రం నా చాపను గోడ వారకు జరిపించి, నడుమ జొన్నల బస్తా ఒకటి అడ్డం పెట్టించింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ బస్తా నేను కడుపుతో పుట్టింటికి వచ్చేదాకా అక్కడే ఉంది.

మా పుట్టిల్లు మానవపాడు దగ్గర, నల్లరేగడి నేల. తొలి కానుపు కాబట్టి ఏడో నెలలోనే అమ్మ పిలుచుకొచ్చింది. అవి పెద్ద యుద్ధం రోజులు. గ్యాసునూనె దొరకడం గగనమయిపోయి, అన్నాలు తినగానే దీపం ఆర్పేసేవాళ్లం. ఆ చీకట్లో కడుపు మీద చెయ్యి వేసుకుని పడుకుంటే నాకు ఒకటే భయం. బిడ్డ పుట్టాక నా పక్కనే కదా పడుకునేది. నేను నిద్రలో బిడ్డ మీదికి పొర్లితే? ఎక్కడో ఏ ఊళ్లోనో అలా జరిగిందని బావి దగ్గర ఆడవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకోవడం విన్నాను.

ఒకరోజు వాకిట్లో కూర్చుని పత్తి ఏరుతూ అమ్మకు చెప్పేశాను.

"తల్లికి తెలుస్తది బిడ్డా. నిద్రల గూడ తెలుస్తది" అంది అమ్మ.

"నాకు తెల్వదమ్మా. నిద్రల నేనెక్కడున్ననో నాకే తెల్వదు. ఇంగ బిడ్డ ఎక్కడున్నదో ఏం తెలుస్తది?"

పక్కన కూర్చున్న జేజి, అంటే మా నాయిన తల్లి, పత్తి కాయ ఒలవడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "తెల్వకుంటే నేర్చుకో" అంది.

ఆ సాయంత్రం జేజి వంటింట్లోంచి పొత్రం పట్టుకొచ్చింది. సన్నెకల్లు మీద కారం నూరే గుండ్రాయి. దాన్ని కడిగి, పాత ధోవతి గుడ్డలో చుట్టి, నా మంచం మీద నా పక్కన పెట్టింది. "ఈడు నీ పెద్దకొడుకు. చిన్నది పుట్టేదాంక ఈనితోని పండుకో" అంది.

మా దిక్కు బిడ్డను తొలిసారి తొట్టెలలో వేసేనాడు ముందు ఈ పొత్రాన్నే వేస్తారు. కన్నడ సీమ దగ్గర కాబట్టి మాకు అది గుండప్ప. గుండప్ప ముందు పడుకుంటాడు, దిష్టంతా తాను తీసుకుంటాడు, తర్వాత తమ్ముడో చెల్లెలో పడుకుంటుంది. తొట్టెల నాటి గుండప్పను నెలల ముందే పక్కలోకి తెచ్చిన మనిషి మా జేజి ఒక్కతే.

మొదటి పొద్దున గుండప్ప నేల మీద ఉన్నాడు. రెండో పొద్దున నా వీపు కింద ఉన్నాడు, వీపు కమిలిపోయింది. అమ్మ పసుపు రాసింది. మా నాయిన వేపపుల్ల నములుకుంటూ వాకిట్లోంచే అడిగేవాడు.

"ఏమాయె బిడ్డా, మనుమడు ఎట్లున్నడు?"

"మంచం దిగి పోయిండు నాయినా."

"తల్లి పోలికే."

పగలు గుండప్పకు పని ఉండేది. అమ్మ కారం నూరుకుని, కడిగి, సాయంత్రానికి నాకు అప్పజెప్పేది. ఎంత కడిగినా మిరపకాయ ఘాటు పోయేది కాదు. ఒకరోజు దాని మీద చెంప ఆనించి పడుకున్నానేమో, లేచేసరికి ముఖమంతా మంట. జేజి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. నెలలు నిండే సరికి కొన్ని పొద్దులు గుండప్ప పెట్టిన చోటే ఉండేవాడు. ఇంట్లోవాళ్లు మురిసిపోయారు. నేను మురవలేదు. ఆ రాత్రుళ్లు నేను అసలు నిద్రపోతే కదా.

నాయిన ఒకసారి, "నేను చిన్న మంచం ఒకటి చేస్త, దీని మంచానికి ఆనిచ్చి కడదాం" అన్నాడు. జేజి ఒప్పుకోలేదు. బిడ్డ నేల మీద పడకముందు బిడ్డ కోసం కట్టె కోయరాదని ఆమె పట్టు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అంది.

"చూలు కండ్ల ముంగటనే ఉన్నది గదనే" అన్నాడు నాయిన.

"ఉన్నా సరే."

ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత ఉంది. చూడగానే నాకు ఎంత సంతోషమో అంత భయం. పురుడు తీరేదాకా రాత్రుళ్లు బిడ్డ నాదే అంది జేజి. చాటలో మెత్తని గుడ్డలు పరిచి, బిడ్డను అందులో పడుకోబెట్టి, చాటను తన పక్కన పెట్టుకుని కూర్చునేది. ఏడిస్తే తెచ్చి పాలు తాగించి మళ్లీ తీసుకుపోయేది. కానీ ముసలి ప్రాణం ఎన్నాళ్లు మేలుకుంటుంది? ఇరవై ఒకటో నాడు తొట్టెల అయ్యాక బిడ్డ నాది. అప్పుడు ఎక్కడ పడుకోబెట్టాలి అన్నది ఇంట్లో అందరికీ పంచాయితీ అయింది.

అమ్మ దూలానికి చీర ఉయ్యాల కడదామంది. మాది మట్టి మిద్దె. పైకప్పు దంతె కర్రల సందుల్లోంచి మన్ను రాలేది, అప్పుడప్పుడు తేలు కూడా రాలేది. వద్దన్నాం. నేల మీద చాపంటే, నా మంచం కింద బాలింత కుంపటి. అదీ వద్దన్నాం. బిడ్డ పుట్టింది కనుక జేజి ఇక అడ్డు చెప్పలేదు. నాయిన మూలకు పడేసిన ఒక విరిగిన నులక మంచాన్ని నడిమికి కోశాడు. కొత్త కట్టె కాదు కదా అని జేజి కూడా సంతోషించింది. ఆ సగం మంచానికి మూడు దిక్కులా వెదురు బద్దలు దగ్గర దగ్గరగా కట్టాడు. నాలుగో దిక్కు వదిలేసి, దాని పట్టెను నా మంచం పట్టెకు ఆనించి తాడుతో బిగించాడు. రెండు పట్టెలు కలిసి నడుమ గట్టులా లేచి నిలిచాయి. జేజి ఆ సందులో శెనక్కాయ ఒకటి పెట్టి వేలితో నొక్కింది. "శెనక్కాయ దిగితే బిడ్డ వేలు దిగుతది" అంటూ, అది దిగనిదాకా నాయిన చేత తాడు బిగిస్తూనే ఉంది.

నాయిన ఇంకో తెలివి చేశాడు. బిడ్డ మంచం నులక కొయ్యలాగా బిగించి, నా మంచం నులక వదులు చేశాడు. "నువ్వు పొర్లితే గట్టుదాంక పోయి మల్ల గుంటలకే జారాలె" అన్నాడు. పడుకుని చూస్తే జోలెలో పడ్డట్టే ఉంది. నాకు తొలిసారి ధైర్యం వచ్చింది.

అప్పుడు వనపర్తి నుంచి కబురొచ్చింది. తొట్టెల నాడు మా అత్త వస్తున్నది, వాళ్లింటి తొట్టెల తెస్తున్నది, బిడ్డ అందులోనే పడుకోవాలి.

మా అత్త బండిలో కృష్ణ ఒడ్డుదాకా వచ్చి, పుట్టి పడవలో నది దాటి, మళ్లీ బండి ఎక్కి వచ్చింది. పుట్టిలో తొట్టెలను ఒళ్లో పెట్టుకుని ఎవరినీ ముట్టనివ్వలేదని తోడు వచ్చిన మా ఆయన చెప్పాడు. తొట్టెల నిజంగా అందంగా ఉంది. నాలుగు మూలలా రంగు చిలకలు, చిలకల కింద ఇత్తడి గజ్జెలు. ఆమె ఇంట్లోకి వస్తూనే నా మంచాన్ని, దానికి అంటుకున్న సగం మంచాన్ని చూసింది.

"ఇదేంది వదినె, మేకపిల్లకు గూడు కట్టినరా?" అని మా అమ్మను అడిగింది.

"బిడ్డ కోసం వదినె. పిల్ల జర భయపడుతున్నది" అంది అమ్మ.

"భయపడ్తదనే తొట్టెల తెస్తి. మా ఇంట్ల ఎన్ని తరాల పిల్లలు పండుకున్నరో ఇందుల. ఇదే కడ్తరు. అది ఇప్పెయ్యున్రి."

జేజి ఇత్తడి చెంబు తెచ్చి తొట్టెల పుల్లల నడుమ పెట్టింది. చెంబు అటు దిక్కు వెళ్లిపోయింది. "చెంబు దూరితే తల దూరుతది" అంది.

మా అత్త ముఖం ఎర్రబడింది. "మా ఇంట్ల ఎవరి తలా దూరలే" అంది. మా అమ్మ నన్ను చూసింది, నేను మా ఆయనను చూశాను, ఆయన దూలాన్ని చూశాడు. తొట్టెలే ఖాయమయింది. నాయిన కిందికి చూస్తూ తాడు విప్పబోయాడు. "కార్యం అయినంక ఇప్పుదువుగాని, ఏం తొందర" అంది జేజి. నాకు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. గదికి ఆ మూల ఎక్కడో దూలానికి వేలాడే తొట్టెలలో బిడ్డ, చీకట్లో నేను. లేచి పోయి తెచ్చుకుంటాను, పాలు ఇస్తూ నిద్రలోకి జారుతాను, ఇక అంతే. భయపడ్డదంతా మళ్లీ మొదటికొచ్చింది.

తొట్టెల నాడు ఇల్లు నిండా ఆడవాళ్లు. గుండప్పకు కాటుక పెట్టారు, కుల్లాయి తొడిగారు. నాతో పడుకున్న గుండప్పే. ముత్తయిదువలు తొట్టెల కింది నుంచి ఒకరికొకరు అందిస్తూ, "గుండప్పను తీసుకో, గౌరమ్మను ఇయ్యి" అంటూ చివరికి లోపల పడుకోబెట్టారు. మా అత్త ముందుకొచ్చి తానే ఊపింది. గజ్జెలు గలగలమన్నాయి. ఆమె ముఖంలో గర్వం చూసి నేను తల దించుకున్నాను.

నాలుగో ఊపుకో అయిదో ఊపుకో అడుగుపలక విరిగింది. గుండప్ప ధన్‌మని బండల మీద పడి, దొర్లుకుంటూ పోయి మా అత్త కాళ్ల దగ్గర ఆగాడు. కుల్లాయి ఊడిపోయింది.

అపశకునమంటూ ఎవరో మొదలుపెట్టబోయారు. జేజి వాళ్లను ముందుకు సాగనివ్వలేదు. "పడాల్సినోడు పడ్డడు. అందుకే గద ముందు ఆణ్ణి పెడ్తరు. బిడ్డ దిష్టి పోయింది, అన్నాలకు లేవున్రి" అంది. నవ్వులు మొదలయ్యాయి. నేను మాత్రం ఒళ్లో ఉన్న బిడ్డను గట్టిగా హత్తుకున్నాను. గుండప్ప తర్వాత పడుకోవాల్సింది అదే కదా.

మా అత్త నవ్వలేదు. విరిగిన పలకను చేతిలోకి తీసుకుని చూసింది. లోపలంతా పురుగు తినేసి పిండి అయింది. జనం అన్నాలకు లేచిపోయాక నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నా పిల్లలు ఈ తొట్టెలల పండుకోలే" అంది.

నాకు అర్థం కాలేదు.

"పగటీలి అందరు చూసెటందుకు ఏస్తుంటి. రాత్రి నా పక్కలనే. దూరముంటే పానం ఒప్పకపాయె. పక్కలుంటే భయం. నేను గూడ నీ లెక్కనే పొర్లుతనే పిల్లా."

నేను నోరు తెరిచి చూశాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. జొన్నల బస్తా అడ్డం పెట్టించిన మనిషి ఈమేనా?

"నా జడ మంచం కోడుకు కట్టుకుని పండుకుంటుంటి" అంది మా అత్త. "పొర్లితే ఎంటికలు గుంజి తెలివైతది. అందరు పిల్లల్ని గట్లనే సాకిన. కడుపు నిండ నిద్ర ఎట్లుంటదో తెల్వదు. నువ్వు దున్నుడు చూసి నాకు గుండెల రాయి పడ్డది. నాకు తోచింది ఈ తొట్టెల ఒక్కటే. అందుకే తెస్తి."

పొగరు అనుకున్నాను నేను. ఇన్నాళ్లూ నన్ను తినేసిన భయాన్నే ఆమె కృష్ణ దాటించి ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి విడిపించుకుని, లేచి, సగం మంచం దగ్గరికి పోయింది. పట్టెలు ఊపి చూసింది. మోచేత్తో నులక నొక్కింది. శెనక్కాయ ఒకటి తెమ్మని మా నాయినను అడిగి, సందులో తానే నొక్కి చూసింది.

"బిడ్డను ఆడ పండుకోబెట్టు. నేను ఈడ పండుకుని పొర్లి చూస్త. నాకు ఆగితే నీకు ఆగుతది."

బిడ్డను సగం మంచంలో పడుకోబెట్టాను. మా అత్త నా మంచం ఎక్కి కావాలని రెండుసార్లు పొర్లింది. రెండుసార్లూ గట్టుదాకా వచ్చి మళ్లీ గుంటలోకి జారింది. మూడోసారి పొర్లలేదు. చూస్తే నిద్రపోయింది. ఎండలో బండి, నది, మళ్లీ బండి, అలసిపోయి ఉంటుంది. కాసేపటికి నిద్రలో మొదలయింది అసలు దున్నుడు. కాళ్లు తలాపుకు వచ్చాయి, చెయ్యి గట్టు మీద పడింది, ఒళ్లు గట్టుకు తగిలి జారింది. గట్టుకు అవతల బిడ్డ కదలకుండా పడుకుంది.

"నిన్ను మించిన రైతు" అన్నాడు నాయిన నా చెవిలో.

బిడ్డ కుయ్‌మనగానే చప్పుడు కాకుండా ఎత్తుకుని, నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని పాలు ఇచ్చాను. సాయంత్రం దీపాల వేళ అయినా ఆమెను ఎవరమూ లేపలేదు.