సత్యానందం సార్ గొంతు

మా ఇంట్లో కిరాయికున్న సత్యానందం సార్ చిలుకూరు దగ్గర ఒక సర్కారు బడిలో సైన్సు చెప్పేవాడు. రోజూ కోదాడ నుంచి బండి మీద వెళ్ళివచ్చేవాడు. నేను మూడో తరగతి దాటినదాన్ని కాను. అయినా ఆయన పాఠాలు సగం మా వాకిట్లోనే తయారయ్యాయి కాబట్టి ఆయన సంగతి చెప్పే హక్కు నాకుంది. కాదనేవాళ్ళుంటే వచ్చి నాతో మాట్లాడుకోవచ్చు.

ఆయన దగ్గర అరచేతిలో పట్టేంత వీడియో కెమెరా ఉండేది. సెలవు రోజున దాన్ని నా దండెం కట్టెకు తాడుతో బిగించి కూర్చునేవాడు. ఎసరు మీద మూత ఎగరడం, చిక్కుడు గింజ పగిలి మొలక రావడం, ఐసునీళ్ళు పోసిన గ్లాసుకు బయట చెమట పట్టడం, ఇవీ ఆయన సినిమాలు. ఒక్కటీ నిమిషం దాటదు. పైగా అందులోంచి శబ్దమంతా తీసేసేవాడు.

"ఏం సారూ, మూగ సినిమాలు తీస్తున్నవ్. నోరు లేదా నీకు?" అన్నాను ఒకసారి.

"నేను జెప్తే పిల్లలు వింటరు పెద్దమ్మా, సూడరు. నేను నోరు మూసుకుంటే వాళ్ళే సూసి జెప్తరు."

"గట్లయితే జీతం గూడ వాళ్ళకే ఇయ్యమను."

వంటింట్లోంచి ఆయన భార్య కళ్యాణి అందుకుంది. "జర గట్టిగ అడుగు పెద్దమ్మా. ఆ గ్లాసులన్ని తోమేది నేను."

ఆయన నవ్వాడే గాని ఆ పద్ధతి మార్చుకోలేదు. పిల్లలు కూడా ఆయన చెప్పినట్టే చేసేవాళ్ళట. గ్లాసు లోపలి నీళ్ళే బయటికి కారాయని సగంమంది, కాదని సగంమంది కొట్లాడుకుంటుంటే ఈయన వెనక బెంచీలో కూర్చుని చూసేవాడట. ఆ సంగతి చెప్పిన రోజు మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

పోయినేడు వానాకాలంలో బడి నుంచి వచ్చి, బండి స్టాండు వేస్తూనే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. నలభై కూడా నిండలేదు. కూతురు తారకు అప్పటికి మూడేళ్ళు.

పిల్ల కొన్నాళ్ళు నాన్న కోసం ఏడ్చింది. తరువాత ఏడవడం మానేసింది. కళ్యాణి భయపడింది దానికే. ఒకనాడు జడ వేయించుకుంటూ తార అడిగింది. "అమ్మా, నాన్న ఎట్ల మాట్లాడుతుండె?"

ఆ రోజు నుంచి కళ్యాణి ఆయన గొంతు కోసం వెతకని చోటు లేదు. పెళ్ళి వీడియోలో ఆయన పెదవులు కదులుతాయి, పైన వినబడేవి పాటలు. ఆయన కూలబడ్డప్పుడు ఫోను నేలకు తగిలి పాడైంది. అందులోంచి ఏమీ తీయలేమని బాగుచేసేవాళ్ళు చేతులెత్తేశారు. ఇక కెమెరా కార్డు నిండా ఆయన చేతులే. గ్లాసు తుడిచే చేతులు, గింజ నాటే చేతులు. శబ్దం తీసేసినవే దాచుకున్నాడు, మాట మాత్రం లేదు.

"బడిల కంప్యూటర్ల సప్పుడు తియ్యనియి ఉన్నయేమో, అడుగుదాం పా" అన్నాను నేనే. వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి మిర్యాలగూడలో కళ్యాణి తల్లిగారింటికి వెళ్ళిపోవాల్సిన వారం అది. ఆటో మాట్లాడుకుని ముగ్గురం వెళ్ళాం.

సార్ జాగాలో ధర్మేందర్ అని ఒక కుర్ర సార్ వచ్చాడు. మర్యాదస్తుడు. మాకు కుర్చీలు వేసి, గోడకున్న పెద్ద టీవీలో గ్లాసు క్లిప్పు పెట్టాడు. సార్ చెయ్యి కనబడింది, వేలికి ఉంగరంతో సహా. అంతలో టీవీలోంచి మగ గొంతు పలికింది. "పిల్లలూ, జాగ్రత్తగా గమనించండి. గాలిలోని నీటి ఆవిరి..."

కళ్యాణి లేచి నిలబడింది. మరుక్షణం కూర్చుంది.

"శబ్దం లేకుంటే పిల్లలకు అర్థమైతలేదని నా గొంతుతో చెప్పి కలిపిన మేడం. సార్‌వి అన్నీ అట్లనే చేసిన" అన్నాడు ధర్మేందర్. శబ్దం ఉన్నవి ఒక్కటీ లేవట. సార్ బడికి ఇచ్చేటప్పటికే అవి మూగవి.

నాకు ఒళ్ళు మండింది. వాణ్ణి నాలుగు మాటలు అందామని నోరు తెరిచాను. అప్పటికే తార టీవీ దగ్గరికి వెళ్ళి తండ్రి చేతి బొమ్మ మీద చెయ్యి పెట్టింది.

"అమ్మా, నాన్న మాట్లాడుతుండు."

ధర్మేందర్ గబగబా ఆపేయబోయాడు.

"ఉండనియ్యుండ్రి సార్" అంది కళ్యాణి. "ఇంకోసారి పెట్టుండ్రి."

వచ్చేటప్పుడు అవన్నీ ఒక పెన్‌డ్రైవులో వేయించుకుంది. ఆటోలో నా వైపు చూడలేదు.

"పిల్లకు అబద్ధం జెప్తవా?" అన్నాను.

"నేనేం జెప్పలే పెద్దమ్మా. అదే అనుకున్నది."

మొన్న మిర్యాలగూడ నుంచి ఫోను చేసింది. తార రోజూ ఆ క్లిప్పులు పెట్టించుకుని, నాన్నతో మాట్లాడుతూ అన్నం తింటోందట. మంచిదే కదా అన్నాను.

"పెద్దమ్మా, ఆయన గొంతు నాకు గూడ యాదికొస్తలేదు. ఎంత తలుసుకున్నా ఆ కొత్త సార్ గొంతే వస్తున్నది. నీకు యాదున్నదా?"

"ఎందుకు లేదు. రోజు ఇన్నదాన్ని."

"ఎట్లుండె?"

"జర బొంగురు. మెల్లగ మాట్లాడుతుండె."

"అట్ల కాదు పెద్దమ్మా. అసలు ఎట్లుండె?"

ఆయన గొంతు నాకు చెవిలో వినబడుతూనే ఉంది. దాన్ని ఫోనులో ఆమెకు ఎలా వినిపించాలో తెలియలేదు. ఆమె ఫోను పెట్టలేదు. నేనూ పెట్టలేదు.